పిలుపు పుస్తకం

డె ఆర్ అంటే వాళ్ళ ఆఫ్రికాన్స్‌లో నరమట.
నేల అడుగున దాగి పారే నీటి నరం.
మనమైతే జల అంటాం, జల పడిందంటాం.
పైన మాత్రం పొడి గాలి, గొర్రెలు, ముళ్ళ పొదలు,
దిక్కుకొకటిగా విడిపోయే ఇనుప దారులు.
ఆ దారులు ముడిపడిన చోట
ముందు నీళ్ళ తొట్టి, తర్వాత బొగ్గు గుట్ట,
తర్వాత చర్చి, సారా కొట్టు, జైలు, బడి.
ఈ వరస నాది కాదు, దొరొతియా మార్మన్‌ది.
జైలు కంటే బడే ముందొచ్చిందని పక్కింటావిడ వాదన.

నేను గాలిమరల బేరింగులు చూడ్డానికి వచ్చినవాణ్ణి.
ఆదివారం. గాలి లేదు, పనీ లేదు.
స్టేషన్ చూసొస్తానంటే దొరొతియా నవ్వింది.
"చూడు. అది నిన్ను చూడదు."

దారి పొడుగునా పాత స్లీపర్ల ప్రహరీలు.
బడి ముందు వేలాడే గంట పట్టా ముక్కే,
దాన్ని చూడగానే తొమ్మిదేళ్ళవాణ్ణై నిక్కరు సర్దుకున్నాను.
టికెట్ల గదిలో ఇప్పుడు జడలల్లే కొట్టు.
డబ్బులిచ్చే కంతలోంచి నొలుతాండో అనే పిల్ల
దువ్వెన ఊపి, నా బట్టతల చూసి, దించేసింది.
ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచేసరికి టీ చల్లారింది.
పట్టాల మధ్య గడ్డిని ఒక మేక
ఎవరూ తరమరని తెలిసినట్టు మేస్తోంది.
అవతలి లైను మీద గూడ్సు వచ్చింది, మాంగనీసు మోసుకుంటూ.
డెబ్భై పెట్టెల దాకా లెక్కపెట్టి తప్పాను.
ఆగలేదు.

దొరొతియా తండ్రి ఏబెల్‌కి ఎనభైమూడు.
పదిహేనో ఏట రైల్వేలో చేరాడు, లేపే కుర్రాడిగా.
ఒంటిగంటకో, రెండుంబావుకో
సైకిలు మీద చీకట్లో పోయి
డ్రైవర్ల కిటికీలు తట్టడం, బండి నంబరు చెప్పడం,
పుస్తకంలో సంతకం పెట్టించుకోవడం,
మరో కిటికీకి పోవడం.
"ముందు తలుపు తట్టకూడదు, అది తెల్లవాళ్ళ వీధి.
వెనక్కి వెళ్ళాలి, కుక్క ఉండే వైపు."
ప్యాంటు పైకి లాగి పిక్క చూపించాడు.
కుక్క పేరు కూడా గుర్తుంది ఆయనకి.

"మీరు డ్రైవరు కావాలనుకోలేదా?"
అడిగాక తెలిసింది, అడగకూడదని.
రొట్టె కోస్తున్న దొరొతియా చెయ్యి ఆగింది.
ముసలాయన మాత్రం కప్పులో చక్కెర కలుపుకుంటూ
"మా రంగుకి ఆ పుస్తకంలో గడి లేదు" అన్నాడు.
"కానీ నేను తట్టందే ఒక్క ఇంజనూ కదల్లేదు.
ఇరవైనాలుగేళ్ళు."
తర్వాత డ్రైవర్ల ఇళ్ళకి ఫోన్లొచ్చాయి,
పొగ ఇంజన్లు పోయాయి,
ఆనక డ్రైవర్లే పోయారు.
ఆయనకి మాత్రం ఇప్పటికీ రెండింటికి మెలకువొస్తుందట.
"లేచి ఏం చేస్తారు?"
"ఏముంది. డ్యూటీ అయ్యేదాకా కూర్చుంటా."

నా కారు తెల్లారుజామున మూడున్నరకి.
ఫోనులో అలారం పెట్టి దిండు కింద తోశాను.
అది మోగకముందే కిటికీ మోగింది,
రెండు మెత్తగా, ఒకటి గట్టిగా.
అద్దానికవతల టోపీ, టార్చిలైటు.
నలభై ఏళ్ళుగా నడవని బండి నంబరొకటి
నెమ్మదిగా, రెండుసార్లు చెప్పి
కిటికీ సందులోంచి పుస్తకం లోపలికి జరిపాడు.
పెన్సిలు దారంతో కట్టి ఉంది.
ఖాళీ గడిలో ఏ పేరు రాయాలో తోచక
నాదే రాశాను, తెలుగులో.

టార్చి దగ్గరగా పట్టి చాలాసేపు చూశాడు.
"అన్నీ చక్రాలే" అన్నాడు.
వేలితో తలకట్టు చూపించి, "ఇది పొగా?"
అవునన్నాను.
తలూపి, పుస్తకం మూసి,
ఆరేళ్ళుగా ఎవరూ దిగలేదని దొరొతియా చెప్పిన
పక్కగది వైపు నడిచాడు.
ఒక బూటు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని
నేను వింటూ కూర్చున్నాను.